ఉగాది నుంచి ఉగాది దాకా: మన వేటకుక్కల పెంపకందార్ల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కుక్కకు వాసన నేర్పే ముందు పిలుపు, అంటే పిలిస్తే వెనక్కి రావడం, నేర్పాలని కిందటి ఉగాదికి తీర్మానం చేసుకున్నాం. ఈ ఏడాది సంఘం పనంతా దాని చుట్టూనే తిరిగింది. ఆ తీర్మానం ఎందుకు చేశామో కొత్తగా చేరిన వాళ్లకు తెలియాలి.

అంతకు ముందు చలికాలం, ఉదయగిరి వైపు మన సభ్యుడి కన్ని జాతి వేటకుక్క తెల్లవారుజామున ఒక చెవులపిల్లి (అడవి కుందేలు) వెంటపడింది. ఆయన గొంతు పోయేలా అరిచినా వెనక్కి తిరగలేదు. మినుము చేను గట్టున ఎవరో అడవి పందుల కోసం కట్టిన కరెంటు తీగ తగిలి అక్కడికక్కడే పడిపోయింది. దానికి రెండేళ్లు. పరుగులో మన దగ్గర దానికి సాటి లేదు. ఆ పరుగు చూసి అందరం మురిసిపోయాం గానీ, రమ్మంటే వస్తుందా అని ఒక్కరమూ అడగలేదు. ఆ బాధ నాకింకా పోలేదు.

"పట్టకుండా ఊరికే తరిమితే తప్పేముంది?" అని కొందరు సభ్యులు అడిగారు. తప్పే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. వెంటాడటం, తరమడం, ఉచ్చు వేయడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. మన బీళ్లలో తిరిగే చెవులపిల్లికి ఆ చట్టం రక్షణ ఉంది. కనుమ నాడు కుక్కల్ని తోలుకుని వేటకు పోయిన రోజులు పెద్దవాళ్లకు గుర్తున్నాయి. ఇప్పుడు గుడిలో పారువేట ఉత్సవంతో సరిపెట్టుకుందాం. పెంపుడు కుందేలును ఎరగా కట్టి కుక్కను వదలడమూ కుదరదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం దాన్ని నేరమంటుంది.

మరి ముక్కుకూ కాళ్లకూ పని ఎట్లా? ముదురు ఎండలు తప్ప ఏడాది పొడవునా ఆదివారాలు పెన్న ఇసుకలో, కోత అయిన చేలల్లో మనం చేసిందదే.

కుందేళ్ల ఫారం నుంచి గూళ్లలో పరిచిన పాత గడ్డి తెచ్చుకున్నాం. దాన్ని గోనె సంచి ముక్కలో మూటగట్టి, పొడవాటి తాడు మధ్యలో కట్టి, ఇద్దరు చెరో కొస పట్టుకుని ఎడంగా నడిచారు. మూట మధ్యలో నేల మీద ఈడ్చుకుపోతుంది. ఒక్కరే ఈడిస్తే కుక్క కుందేలు వాసన వదిలేసి మనిషి అడుగుల వెంట పోతుంది. మొదట్లో మేమూ ఆ పొరపాటు చేశాం. గాలి వీపు వైపు నుంచి వీచేటట్టు చూసుకుని ఈ వాసన జాడ వేస్తే కుక్క తల ఎత్తకుండా నేలనే మూచూస్తుంది. మొదట ఇరవై ముప్పై అడుగులు తిన్నగా, చివర ఉడికిన కోడిమాంసం ముక్క. అది కుదిరాక వంపులు, ఆ తర్వాత జాడ మధ్యలో ఖాళీ. ఖాళీ దగ్గర కుక్క తికమకపడి గుండ్రంగా తిరుగుతుంది. మనం వేలు చూపించకూడదు. అది తనంతట తాను జాడ దొరకబుచ్చుకుని తోక ఆడించే క్షణం కోసమే నేను ప్రతి ఆదివారం చీకటితో లేస్తున్నాను.

మంచు పడిన పొద్దు వాసన నేలను పట్టుకుని ఉంటుంది. ఎండ ఎక్కేసరికి పోతుంది. అందుకే ఏడు దాటితే తాడు చుట్టేయాలి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే చల్లబడాలి. రోహిణి ఎండల్లో తరగతులు పూర్తిగా ఆపేశాం.

ఒక సభ్యుడు చెన్నై నుంచి బీగిల్ పిల్లను తెచ్చారు. ఇంగ్లండులో కుందేళ్ల వేటకే పెంచిన జాతి అది, ముక్కుతో పోతుంది, అరుస్తూ పోతుంది. మన కన్ని, చిప్పిపారై, ముధోల్ కుక్కలు కంటితో వేటాడేవి. కదిలేది కనపడితే చాలు, బాణంలా పోతాయి. బీగిల్‌ను జాడ మీద నుంచి లాగడం కష్టం, ముధోల్‌ను చూపు మళ్లించడం కష్టం. అందుకని రెంటికీ పిలుపు ఒకటే అయినా అలవాటు చేసే తీరు వేరు. పది మీటర్ల తాడుతో మొదలుపెట్టి, ఈల వేసిన ప్రతిసారీ తాయిలం ఇచ్చాం. బీగిల్‌కు జాడ మధ్యలోనే ఈల. ముధోల్‌కు గుడ్డబొమ్మను తాడుతో లాగుతుండగా ఈల. వేటకు పుట్టిన కుక్క ఇంకే పనికీ రాదనేవాళ్లకు ఒక మాట: ముధోల్ పిల్లలను మన సైన్యం 2016లో శిక్షణకు తీసుకుంది.

ఇంత చేసినా జీవాల మందలు నాకు టెన్షనే. నెల్లూరు గొర్రె పొడుగు కాళ్లతో గెంతితే కుక్కకు అది కూడా వేటే. వింజమూరు, దుత్తలూరు వైపు కాపరులను బతిమాలి, కుక్కపిల్లలను మూడు నాలుగు నెలల వయసులోనే గొలుసుతో మందల పక్కన నడిపించాం. ఆ కాపరులకు సంఘం రుణపడి ఉంది. ఏడాది నిండకుండా ఏ కుక్కనూ దూరం పరిగెత్తించొద్దని ఇంకోసారి మనవి, ఎముకలు ముదరవు.

రేబిస్ టీకా మూడో నెలలో వేయించి, ఏటా మళ్లీ వేయించాలి. కాటు పడితే సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవాలి. కారం, పసుపు పూయొద్దు. చిల్లచెట్ల బీళ్లలోంచి వచ్చాక చెవుల్లో పిడుదులు, కాలివేళ్ల సందుల్లో పల్లేరుకాయలు వెతకండి.

జమాఖర్చుల కాగితం సమావేశంలో అందరికీ ఇస్తాం. పొగాకు కోతలప్పుడు చాలామంది రాలేకపోయారు, అది అర్థం చేసుకోదగ్గదే.

వానలు పడి నేల తడిసిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం తరగతులు మళ్లీ మొదలవుతాయి. టీకా కాగితం, పది మీటర్ల తాడు, ఈల తెచ్చుకోండి. ఈల లేనివాళ్ల కుక్కను ఆ రోజు తాడు మీదే ఉంచుతాం.

కార్యదర్శి