దసరా ట్రిప్పులు లేవు, ఎందుకో చెబుతాను

దసరా సెలవులకు మా తెరచాప పడవ బుక్ చేసుకున్నవాళ్లందరికీ అడ్వాన్స్ మొత్తం తిరిగి వేసేస్తున్నాను. జనవరిలో వస్తామంటే అదే రేటుకి తీసుకెళ్తాను. విశాఖ ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద మాస్ట్ (తెరచాప కట్టే నిలువు స్తంభం) పడుకోబెట్టి ఉండటం చూసి కొందరు "పడవ అమ్మేస్తున్నావటగా" అని ఫోన్ చేశారు. అమ్మట్లేదు. పాతికేళ్ల పడవని అమ్మినా ఎవరు కొంటారన్నది వేరే సంగతి.

వానల్లో ట్రిప్పులు లేనప్పుడు మాస్ట్‌ని నిలబెట్టే స్టే వైర్లన్నిటినీ గుడ్డతో తుడుస్తాం. ఈసారి ఎడమ పక్క వైరు అడుగున, టెర్మినల్‌లోకి, అంటే వైరు చివర బిగించే లోహపు తొడుగులోకి దూరే చోట గుడ్డ చిక్కుకుంది. చూస్తే ఒక తీగ తెగి పైకి లేచింది. ఆ వైరులో 19 తీగలుంటాయి. ఇంకా 18 ఉన్నాయి కదా అనుకోవడానికి లేదు. స్టెయిన్‌లెస్ స్టీల్ గాలి తగిలినంతకాలమే బాగుంటుంది. టెర్మినల్ లోపలికి ఉప్పునీరు దిగి నిలిచిపోతే అక్కడ ఆక్సిజన్ అందదు, స్టీల్‌ని కాపాడే పొర మళ్లీ కట్టుకోదు. పైకి తళతళలాడుతూనే లోపల తుప్పు తినేస్తుంది.

తెగిన వైరు ఒక్కటీ మార్చాలా, అన్నీ మార్చాలా? దీని మీద నాకు నిద్ర పట్టలేదు. మా మెకానిక్ చెప్పిన దారి తేలికే: పాడైన చివర జానెడు కోసేసి, కొత్త టెర్మినల్ బిగించి, తగ్గిన పొడవుకి కింద ఒక టాగిల్ (జోడించే లోహపు ముక్క) వేస్తే సరి. అలా చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మిగతా వైర్ల టెర్మినల్స్‌కి పగుళ్లు తెలియడానికి ఎర్ర డై పట్టించి, తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టి చూశాం. ఒక్క గీత కనబడలేదు. బాగున్న వైరు కోసి అవతల పారేయడానికి నాకు ప్రాణం ఒప్పదు. మా నాన్న వల తాడుని ఆఖరి పోగు దాకా వాడిన మనిషి.

కానీ ఆ డై పైకి తెరుచుకున్న పగులునే చూపిస్తుంది, లోపలిది చూపించదు. పైగా పడవ నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. వైర్లు ఎప్పుడు వేశారని అడిగితే పాత ఓనరు "బాగానే ఉన్నాయి కదా" అన్నాడు తప్ప సంవత్సరం చెప్పలేదు. పదేళ్లు దాటితే మార్చేయమంటారు, మనలాంటి వేడి సముద్రంలో ఇంకా ముందే. అన్నీ ఒకే వయసువి, ఒకే ఉప్పు తిన్నవి. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటగానే గాలి ఎలా కొడుతుందో మీకు తెలుసు. ఆ మాస్ట్ కిందే మీ పిల్లలు కూర్చుంటారు. అన్నీ మార్చాలని నిర్ణయించాను. ఈ సీజన్ లాభం అక్కడికే పోయింది.

అక్కడితో అయిపోతే దసరాకి మీరు పడవ మీద ఉండేవాళ్లు. నేను ఆర్డర్ ఇచ్చింది 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ వైరు. బిల్లు మీద 316, సర్టిఫికెట్ మీద 316. చెప్పిన తేదీ దాటి చాలా రోజులకి వచ్చింది, సరే, భరించాను. ఆ గ్రేడ్‌లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, ఉప్పునీటికి తట్టుకునేది దానివల్లే. 304 గ్రేడ్ స్టీల్‌లో అది ఉండదు. చూడటానికి రెండూ ఒకటే, అయస్కాంతం పెట్టినా తేడా కచ్చితంగా తెలియదు. దానికో చిన్న టెస్ట్ కిట్ దొరుకుతుంది: స్టీల్ మీద మందు చుక్క వేసి 9 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే, మాలిబ్డినం ఉన్నచోట రంగు మారుతుంది. మారలేదు. చుట్టకి ఆ చివరా ఈ చివరా, నడుమా చూశాను. మారలేదు.

వైరు అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే "అందరికీ ఇదే ఇస్తున్నాం సార్, ఒక్క కంప్లైంట్ లేదు" అన్నారు. కొత్తగా ఉన్నప్పుడు 304 బలానికి తక్కువేం కాదని నాకే పాఠం చెప్పారు. అది నిజమే. నాకు కావలసింది మొదటి రోజు బలం కాదు, ఐదో ఏడు బలం. ఆ తర్వాత "మీది చిన్న బోటే కదా సార్, సరిపోతుంది" అన్నారు. చిన్న బోటే. అందులోంచి పడితే మునిగేది మాత్రం పెద్ద సముద్రంలోనే. తగ్గింపు ఇస్తామన్నారు, వద్దన్నాను. క్రెడిట్ నోట్ ఇస్తామంటున్నారు. వాళ్ల దగ్గర ఇంకో నట్టు కూడా కొనను కాబట్టి అది నాకెందుకు? డబ్బు కోసం ఇంకా తిరుగుతున్నాను. కొత్త ఆర్డర్ వేరేచోట పెట్టాను. చుట్ట మీద ట్యాగ్ నంబరు, మిల్లు సర్టిఫికెట్ నంబరు కలవాలి, నా ఎదురుగా టెస్ట్ కావాలి, అప్పుడే మిగతా డబ్బు.

ఇక తెరచాప. "అన్నా, ఆ అతుకుల సెయిల్ కూడా మార్చెయ్యరాదూ" అని గ్రూపులో ఒకరు పెట్టారు, కింద పది నవ్వులు. మార్చను. బట్ట గట్టిగా ఉంది, పోయింది కుట్టు. దారం బట్ట మీద పైకి ఉంటుంది కాబట్టి ఎండకి ముందు అదే చస్తుంది. గోరుతో గీకితే పొడిలా రాలింది. చెన్నైలో తెరచాపలు కుట్టే ఆయనకి పంపాను, ప్రతి అతుకూ ఎండకి ఆగే దారంతో తిరగకుట్టి పంపుతున్నాడు. తెల్లటి కొత్త సెయిల్ ఫొటోల్లో బాగుంటుందని నాకూ తెలుసు.

"మాస్ట్ లేకపోతేనేం, ఇంజిన్ మీద తిప్పండి" అని అడిగినవాళ్లకి: మాస్ట్ బరువు లేని పడవ అలలకి ఇంకా గబగబా, కుదుపుతో ఊగుతుంది. యారాడ బీచ్ దాకా వెళ్లేలోపు సగం మంది వాంతులు చేసుకుంటారు. అది నా ట్రిప్పు కాదు. కార్తీకమాసం వాళ్లకి కూడా మాట ఇవ్వలేను, అవి తుపాన్ల నెలలు. వైరు అప్పటికే వచ్చినా హడావుడిగా బిగించి మిమ్మల్ని ఎక్కించను. ముందు మా కుర్రాళ్లూ నేనూ ఖాళీ పడవ మీద గాలిలో తిప్పి, వైర్లు సాగినంత మళ్లీ బిగించుకోవాలి.

అడ్వాన్స్ ఈ వారంలో పడకపోతే బుక్ చేసిన నంబరు నుంచే మెసేజ్ పెట్టండి. 304 చుట్ట ఇంకా నా షెడ్‌లోనే ఉంది, టెస్ట్ కిట్ కూడా. నమ్మకం లేనివాళ్లు వచ్చి చుక్క వేసి చూసుకోవచ్చు.