ఎస్ సైజు మౌంటెన్ బైక్‌కు 780 మి.మీ. వెడల్పు హ్యాండిల్ ఇచ్చి, దాన్ని తప్పుగా కోసినందుకు ఫిర్యాదు

విశాఖపట్నం

కస్టమర్ సేవల విభాగం వారికి,

అయ్యా,

విశాఖపట్నంలోని మీ అధీకృత షోరూంలో మీ కంపెనీ మౌంటెన్ బైక్, ఎస్ సైజుది కొన్నాను. బిల్లు నకలు, కొలతల ఫొటోలు జతచేశాను. ఇందులో ఒక తప్పు ఫ్యాక్టరీది, ఇంకొకటి సర్వీస్ సెంటర్‌ది.

మీ బ్రోషర్‌లో ఎస్ నుంచి ఎక్స్‌ఎల్ దాకా ఫ్రేము మారుతుంది, సీటు గొట్టం మారుతుంది. హ్యాండిల్ మాత్రం నాలుగింటికీ 780 మి.మీ.యే. ఊరందరికీ ఒకే కొలత చొక్కా కుట్టి, పొట్టివాళ్లను చేతులు మడుచుకోమన్నట్టుంది.

వెడల్పు హ్యాండిల్ చెడ్డదని నేననడం లేదు. ముందు చక్రం రాయికి కొట్టుకుని పక్కకు తిరగబోతే, చేతుల మధ్య దూరం ఉన్నకొద్దీ దాన్ని పట్టి నిలపడం తేలిక. ఇప్పటి 40-50 మి.మీ. పొట్టి స్టెమ్‌లకు (హ్యాండిల్‌ను బండికి కలిపే ముక్క) పాతకాలపు 600 మి.మీ. హ్యాండిల్ పెడితే బండి తొట్రుపడుతుంది కూడా. కానీ భుజాల కొలతకు మించి చేతులు చాపితే మోచేతులు తిన్నగా బిగుసుకుంటాయి. మోచెయ్యి మింగాల్సిన కుదుపు నేరుగా భుజానికి ఎక్కుతుంది. మణికట్టు పక్కకు వంగి, అరచేతి బయటి అంచు మీద బరువు పడి, చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంది. మలుపులో బయటి చెయ్యి అందక ఒళ్లంతా సాగదీయాలి. భీమిలి వైపు సరుగుడు తోటల్లో మీటరుకొక చెట్టు నాటిన వరసల్లో దూరితే 780 హ్యాండిల్‌కు రెండు వైపులా కలిపి మిగిలేది 22 సెంటీమీటర్లు. అందులోంచి మానుల మందం కూడా తీసేయాలి.

నా ఎత్తు 158 సెం.మీ. నేలమీద పుషప్‌కు చేతులు సహజంగా ఎక్కడ ఆనతాయో అక్కడ ఉంచి, అరచేతుల బయటి అంచుల మధ్య కొలిస్తే 71 సెం.మీ. వచ్చింది. ఇది తుది కొలత కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే కొలత. అందుకే హ్యాండిల్‌ను 720 మి.మీ.కి కోయమని మీ సర్వీస్ సెంటర్‌లో కోరాను. గ్రిప్‌లు, బ్రేక్ లీవర్లు, షిఫ్టర్ (గేరు మార్చే మీట) లోపలికి జరిపి, కొన్నాళ్లు అలాగే తొక్కి చూశాకే కోయాలని, కోసేటప్పుడు కూడా విడతకు వైపుకు 5 మి.మీ. మించవద్దని చెప్పాను. కోసిన గొట్టం మళ్లీ పెరగదు కదా.

అసలు చిక్కు ఇక్కడే బయటపడింది. మీ హ్యాండిల్‌లో గ్రిప్, లీవర్లు పట్టే 22.2 మి.మీ. వ్యాసమున్న తిన్నని భాగం ఒక్కో వైపు 185 మి.మీ. మాత్రమే. ఆపైన గొట్టం లావెక్కుతూ స్టెమ్ దగ్గర 31.8 అవుతుంది. 720కి తేవడానికి వైపుకు 30 మి.మీ. కోస్తే 155 మిగులుతుంది. గ్రిప్‌కే 133 పోతుంది. మిగిలిన 22లో బ్రేక్ క్లాంపు, షిఫ్టర్ క్లాంపు (వాటిని గొట్టానికి బిగించే పట్టీలు) రెండూ ఇరుక్కోవాలి. చూపుడు వేలు లీవర్ కొసన పడాలంటే క్లాంపు గ్రిప్‌కు అంటుకుని ఉండకూడదు, కాస్త ఎడం కావాలి. దానికి చోటే లేదు. అంటే కోసుకునే వీలు లేకుండా తయారుచేసిన హ్యాండిల్ ఇది. పైన కోత గీతలు కూడా లేవు.

ఇక సర్వీస్ సెంటర్ పని. తొక్కి చూడనివ్వకుండా ఒక్కసారే కోశారు. ఎడమవైపు స్టెమ్ మధ్య నుంచి 360 సరిగ్గా కొలిచారు. కుడివైపు మాత్రం గ్రిప్ బయటి అంచు నుంచి 30 కొలిచారు. ఆ గ్రిప్ అప్పటికే 11 మి.మీ. లోపలికి జరిగి ఉంది. అందువల్ల కుడివైపు 349 వచ్చింది, మొత్తం 709. కుడివైపు క్లాంపులకు మిగిలింది 11 మి.మీ., బ్రేక్ క్లాంపే అందులో పట్టలేదు. దాన్ని లావెక్కే భాగం మీదికి ఎక్కించి బోల్టు బలంగా బిగించారు. ఇప్పుడు గట్టిగా బ్రేక్ పట్టగానే లీవర్ గిర్రున కిందికి తిరుగుతోంది. దిగుడులో ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. మొద్దుబారిన పైపు కట్టర్ వాడడంతో గొట్టం అంచు బయటికి లేచింది. సన్నపళ్ల హాక్సా బ్లేడుతో కోసి ఆకురాయితో రుద్దితే ఆ అంచు వచ్చేది కాదు. చివరి మూతలు కూడా వేయలేదు. పడితే తెరిచిన గొట్టం పొట్టలో గుచ్చుకుంటుంది, పైగా మన సముద్రపు గాలిలోని ఉప్పు లోపలికి చేరుతుంది.

నేను కోరేవి ఇవి. 740 మి.మీ. వెడల్పు, ఒక్కో వైపు కనీసం 200 మి.మీ. తిన్నని భాగం, 5 మి.మీ.కి ఒక గీత ఉన్న 31.8 హ్యాండిల్ ఉచితంగా ఇవ్వాలి. కుడి బ్రేక్ లీవర్ క్లాంపు పరీక్షించి, సాగి ఉంటే మార్చాలి. కోతకు తీసుకున్న సర్వీస్ చార్జీ వాపసు ఇవ్వాలి. ఎస్ సైజు కొన్న మిగతావాళ్లకు కూడా హ్యాండిల్ మార్చుకునే వీలు కల్పించాలి.

15 రోజుల్లో రాతపూర్వక సమాధానం రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కోసిన రెండు ముక్కలూ, 30 మి.మీ.దీ 41 మి.మీ.దీ, నా దగ్గరే భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
మీ వినియోగదారు