బాల్క్ అని అరిచే ముందు పిచర్ కాలు చూడండి

సంపాదకులకు,

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల బేస్‌బాల్ మ్యాచ్‌కు వెళ్తే మైదానం కన్నా గట్టు మీదే గోల ఎక్కువ. పిచర్ (బంతి విసిరేవాడు) కొంచెం తడబడితే చాలు, "బాల్క్!" అని కేకలు. బాల్క్ అంటే, బేస్ (పరుగు దారిలోని మజిలీ) దగ్గరున్న రన్నర్‌ను మోసగించేలా పిచర్ చేసే నియమవిరుద్ధ కదలిక. పన్నెండేళ్ల వరకు పిల్లలు ఆడే లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ సంస్థ) మేజర్ విభాగంలో అసలు బాల్కే లేదు. బంతి బ్యాటర్‌ను చేరేదాకా రన్నర్ బేస్ వదలకూడదు కాబట్టి అతణ్ని బురిడీ కొట్టించే అవకాశమే లేదు. తప్పుగా విసిరితే అది అక్రమ పిచ్. బ్యాటర్‌కు ఒక బాల్ (నాలుగైతే ఉచితంగా మొదటి బేస్) కలుస్తుంది, అంతే. 50/70 విభాగం (పిచర్ దూరం 50 అడుగులు, బేస్‌ల మధ్య 70 అడుగులు) నుంచి మాత్రం బాల్క్ ఉంది. ప్రతి రన్నర్‌కూ ఒక బేస్ దక్కుతుంది.

అసలు చిక్కు కాళ్ల దగ్గర. రన్నర్లు ఉన్నప్పుడు సెట్ భంగిమలో విసిరే పిచర్ చేతులు కలిపి పూర్తిగా ఆగాలి. వైండప్‌లో, అంటే చేతులూ కాలూ ఊపి ఒకే ఊపులో విసిరే పద్ధతిలో, ఆగనక్కర్లేదు. పిచర్ నిలబడే రబ్బరు పలకను ఆనుకున్న పివట్ కాలు (విసిరేటప్పుడు బరువు మోపే కాలు) దానికి సమాంతరంగా ఉండి, రెండో కాలు పలకకు ముందుంటే, రన్నర్ ఉన్నంతవరకూ అది సెట్ కిందే లెక్క అంటుంది మేజర్ లీగ్ (అమెరికా వృత్తి బేస్‌బాల్) నియమాల పుస్తకంలోని 5.07. అలా నిలబడి వైండప్ వేయాలనుకుంటే బ్యాటర్ వంతు మొదలవకముందే అంపైర్‌కు చెప్పాలి. ఆ పుస్తకాన్నే పాటించే టోర్నమెంట్లలో మూడో బేస్‌లో రన్నర్ ఉండగా పిల్లవాడు ఈ ముక్క చెప్పకుండా, ఆగకుండా విసిరేస్తే బాల్క్, అప్పనంగా ఒక పరుగు. తప్పు పిల్లవాడిది కాదు, చెప్పని కోచ్‌ది.

క్రికెట్ నోబాల్‌కు గీత ఉంటుంది. ఇక్కడ పూర్తిగా ఆగాడా, బేస్ వైపే అడుగేశాడా అన్నవి కంటి అంచనాలు. అవి అంపైర్ తీర్పు, వాటిపై ఫిర్యాదు చెల్లదు. పన్నెండేళ్ల పిల్లల ఆటలో బాల్క్ అని రన్నర్‌కు బేస్ ఇచ్చేస్తే మాత్రం అది నియమం తప్పడం. జట్టు మేనేజర్ టైమ్ అడిగి (ఆట ఆపించి), తర్వాతి పిచ్ పడకముందే అభ్యంతరం చెప్పాలి. ఈ తేడా తెలియకే సగం గొడవలు.

బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక ఒక్క అంపైరే ఉంటే, 46 అడుగుల దూరంలో పివట్ కాలు పలక మీంచి జారిందో లేదో ఎదురుగా చూసి చెప్పడం కష్టం. బేస్‌ల దగ్గర రెండో అంపైర్‌ను పెట్టండి. పలక ముందు కాళ్ల తాకిడికి గుంట పడుతుంది, జారేది అందులోకే. ఇన్నింగ్స్ మధ్య మట్టి పోసి దిమ్మిస చేస్తే ఆ తగాదా కొంత తగ్గుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు