ఆ ‘జర్మన్ డాక్టరు’కి పేరుంది

సంపాదకుడు గారికి,

పోయిన వారం ఆరోగ్యం పేజీలో బీపీ కొలత చరిత్ర మీద వేసిన వ్యాసం చదివాను. ఊరుకుందామని నాలుగు రోజులు చూశాను, మనసొప్పలేదు. ఇంగ్లండ్ పాదరీ స్టీఫెన్ హేల్స్ రక్తపోటు కొలవడానికి గుర్రం రక్తనాళంలోకి గొట్టం పెట్టిన సంగతి అంత వివరంగా రాసి, ‘తర్వాత ఒక జర్మన్ డాక్టరు కైమోగ్రాఫ్ కనిపెట్టాడు’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఆయన పేరు కార్ల్ లుడ్విగ్. రెండు మాటలకి చోటు లేకపోయిందా?

లుడ్విగ్‌కి ముందు రక్తపోటు లెక్క కంటితో చూసి రాసుకునేదే. ఆయన జర్మనీలోని మార్‌బుర్గ్‌లో ఉండగా, రక్తనాళానికి కలిపిన గొట్టంలోని పాదరసం మీద తేలే పుల్లకి ములుకు బిగించి, తిరిగే డ్రమ్ము మీద అది గీత గీసేలా చేశారు. ఆ యంత్రమే కైమోగ్రాఫ్. 1847లో ప్రకటించారు. గుండె కొట్టుకోవడం కాగితం మీద నిలిచింది అప్పుడే.

ముప్పై ఏళ్లు ఫిజియాలజీ పాఠం చెప్పినవాణ్ణి, ఆ డ్రమ్ము నాకు బాగా తెలుసు. నున్నటి కాగితం చుట్టి, పొగమంట మీద తిప్పుతూ మసి పట్టించేవాళ్లం. కప్ప కండరం ముడుచుకున్నప్పుడల్లా దానికి కట్టిన మీటపుల్ల కొన మసిని గీరి తెల్లగీత మిగిల్చేది. వేలు తగిలిందా, పొద్దుటి నుంచి పడ్డ శ్రమంతా పోయినట్టే. ఊపిరి బిగబట్టి కాగితం విప్పి, వార్నిష్‌లో ముంచి దండెం మీద ఆరేసేవాళ్లం. నేను రిటైరైన రెండేళ్లకి ఆ డ్రమ్ములన్నీ పాత ఇనుము కింద అమ్మేశారని తెలిసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అద్దాల బీరువాలో ఒక్కటైనా ఉంచాలని ఏ అధికారికీ తోచలేదు.

కిడ్నీలో మూత్రం తయారవడానికి మొదటి మెట్టు రక్తపోటు వల్ల జరిగే వడపోతేనని 1842లోనే, పాతికేళ్ల వయసులో చెప్పినవాడూ ఆయనే. 1865లో లైప్‌జిగ్ చేరి, 1895లో పోయేదాకా అక్కడే పాఠం చెప్పారు. రష్యా నుంచి పావ్‌లోవ్, అమెరికా నుంచి బౌడిచ్, ఇంకా ఎందరో ఆయన దగ్గరికి వెళ్లి నేర్చుకున్నారు. ప్రయోగం ఆలోచించేది ఆయన, దగ్గరుండి చేయించేది ఆయన, చాలాసార్లు వ్యాసం రాసిపెట్టేదీ ఆయనే. అచ్చులో మాత్రం శిష్యుడి పేరొక్కటే ఉండేది. ఇప్పుడేమో ల్యాబు గడప తొక్కని పెద్దలు కూడా పిల్లల పరిశోధన పత్రం మీద ముందు తమ పేరు వేయించుకుంటున్నారు. ఆ పిల్లలు నా దగ్గరికొచ్చి చెప్పుకుని బాధపడతారు.

తన పేరు తానే వదులుకున్న మనిషి ఆయన. ఆ పేరు మనం కూడా వదిలేస్తే ఎలా? వచ్చే వారం అదే పేజీలో, అందరికీ కనిపించే చోట సవరణ వేయండి: కార్ల్ లుడ్విగ్, 1816–1895. వీలైతే కైమోగ్రాఫ్ బొమ్మ కూడా.

– ఒక విశ్రాంత ఫిజియాలజీ అధ్యాపకుడు, గుంటూరు