ఎగ్జిమాకు సూదులు సరే, పూత మందు ఆపమనడమేంటి?

సంపాదకులకు,

చర్మం పొడిబారి దురదపెట్టే ఎగ్జిమాకు ఆక్యుపంక్చర్ (ఒంటిపై ఎంచుకున్న బిందువుల్లో సన్నని సూదులు గుచ్చే చికిత్స) చేస్తామంటూ బోర్డులు పెరుగుతున్నాయి. సూదులు వేయించుకుంటే మాకు అభ్యంతరం లేదు. మొదటి రోజే ‘ఇంగ్లిషు మందులు, పూతలు అన్నీ ఆపేయండి’ అని చెప్పే కేంద్రాలతోనే పేచీ. పూత ఆపాక మోచేతి మడతలు, మోకాళ్ల వెనక భాగం ఎర్రబడి రసి కారుతుంటే, ‘ఒంట్లో విషం బయటికి పోతోంది’ అని నచ్చజెబుతారు. నిజానికి అప్పుడు జబ్బు తిరగబెడుతోంది.

జర్మనీలో మ్యూనిక్ పరిశోధకులు 2010లో 30 మంది ఎగ్జిమా రోగులపై సూదులను పరీక్షించారు. మోచెయ్యి మడిస్తే బయటివైపు గీత ముగిసేచోట ఒక బిందువు, మోకాలిచిప్పకు పైన తొడ లోపలివైపు మరొకటి ఎంచుకున్నారు. అలర్జీ పదార్థంతో పుట్టించిన దురద తగ్గింది. వాళ్లు కొలిచింది మాత్రం నిమిషాల లెక్కన దురద, దద్దులనే. దాన్ని చూపి ‘పది సిట్టింగుల్లో శాశ్వతంగా మాయం’ అని రాసుకోవడం రోగిని మోసగించడమే.

ఆ మోచేతి బిందువుతో ఒక చిక్కుంది. ఎగ్జిమా ఎక్కువగా వచ్చేదీ ఆ మడతలోనే. రేగిన చర్మంపై స్టెఫైలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా దండిగా ఉంటుంది, సూది దాన్ని లోపలికి దింపుతుంది. కాబట్టి పగిలిన, చెమ్మగిల్లిన చర్మంలో సూది వేయకూడదు. సీలున్న పొట్లం రోగి ఎదుటే విప్పాలి. వాడిన సూదిని 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం మొన బయటికి పొడుచుకురాని తెల్ల డబ్బాలో వేయాలి. ఒకరికి వాడింది మరొకరికి వాడితే హెపటైటిస్-బి అంటుకోవచ్చు.

చాలామందిలో ఈ జబ్బుకు మూలం పైచర్మం తేమను పట్టి ఉంచలేకపోవడం. దానికి సూది లేదు, మాయిశ్చరైజర్ ఉంది. గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లోపు స్నానం ముగించి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, తడి ఆరకముందే పూయాలి. ఒళ్లంతా ఉంటే వారానికి పిల్లలకు 250 గ్రాములు, పెద్దలకు 500 దాకా పడుతుంది. చిన్న ట్యూబు నెలంతా సర్దుకుని ‘పనిచేయలేదు’ అంటే ఎలా? డాక్టరు రాసిన స్టెరాయిడ్ పూతకూ కొలత ఉంది. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండితే సుమారు అర గ్రాము, అది వేళ్లతో సహా రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది.

అసలు అది ఎగ్జిమానేనా? తామరైతే ఫంగస్ మందు వాడాలి. ఇంట్లో అందరికీ రాత్రిళ్లు దురదగా ఉంటే గజ్జిని అనుమానించాలి.

సూదులతో పాటు పేరు లేని డబ్బాలో ‘మూలికల క్రీము’ ఇస్తే తీసుకోకండి. 1999లో లండన్ వైద్యులు చైనా మూలికల క్రీములు 11 పరీక్షిస్తే ఎనిమిదింటిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ దొరికింది. ఎగ్జిమా ఉన్నవారికి జ్వరంతో పాటు ఒకే తీరు నీటి బొబ్బలు గుంపుగా వస్తే అది హెర్పిస్ అనే వైరస్ సోకడం కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

కేంద్ర ప్రభుత్వం 2019లో ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర చికిత్సగా గుర్తించింది. గుర్తింపు వచ్చాక జవాబుదారీ కూడా ఉండాలి కదా. పశ్చిమ బెంగాల్‌లో 1996 నుంచే దీనికి చట్టం ఉంది. మన జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారులు ఈ కేంద్రాలకు వెళ్లి సూదుల పొట్లాలు, వ్యర్థాల డబ్బాలు, చికిత్స చేసేవారి అర్హత పత్రాలు తనిఖీ చేయాలి. ‘డాక్టరు ఇచ్చిన మందు డాక్టరును అడగకుండా ఆపవద్దు’ అన్న బోర్డు ప్రతి కేంద్రంలో తెలుగులో పెట్టించాలి.

– చర్మవ్యాధుల వైద్యులు, గుంటూరు