ఆజంజాహి మిల్లు ఆనవాళ్ల సేకరణ – సభ్యులకు విన్నపం

గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, 1934లో, ఆయన పెద్ద కుమారుడి పేరిట వరంగల్‌లో మొదలై, తర్వాత జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చి, 2002లో మూతపడిన ఆజంజాహి మిల్లుకు ఇప్పుడు మిగిలిన ఆనవాళ్లు చాలా తక్కువ. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వస్తే సంబరపడ్డ మనం, నూలు వడికి బట్ట నేసిన ఈ కార్ఖానాను మాత్రం వారసత్వంగా ఎన్నడూ తలచలేదు. గుడికి, కోటకు ఉన్న గౌరవం మగ్గాల షెడ్డుకు ఎందుకు ఉండకూడదో నాకైతే అర్థం కాదు. ఉన్నవాటినైనా కాపాడి, ఆ స్థలంలోనే చిన్న మ్యూజియం పెట్టాలని కోరుతూ కలెక్టర్ గారికి వినతిపత్రం సిద్ధం చేస్తున్నాము. మీ ఇళ్లలో మిల్లు కార్మికుల గుర్తింపు కార్డులు, జీతం చీటీలు, పాత ఫొటోలు (పెళ్లి ఆల్బముల్లోనూ వెతకండి) ఉంటే, అసలువి మీ దగ్గరే ఉంచుకొని, వాటిని ఫొటో తీసి, ఆ కార్మికులు పనిచేసిన విభాగం, షిఫ్టు వివరాలతో ఇక్కడ పంపగలరు.