టెంప్లేట్ విప్పి చూడటం కూడా నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో సీ ప్లస్ ప్లస్ పాఠాలు వేస్తున్నారు, చాలా సంతోషం. ఏ టైపుకైనా పనికొచ్చేలా ఒక్కసారే రాసుకునే టెంప్లేట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఎర్రర్ మెసేజ్ పొడుగ్గా వస్తే టెన్షన్ పడకండి అని చెప్పి ముగించేశారు. అసలు సంగతి అక్కడే మొదలవుతుంది. మనం రాసిన టెంప్లేటును కంపైలర్ ఏ కోడ్‌గా మార్చుకుందో విప్పి చూడటం విద్యార్థులకు ఎవరూ నేర్పడం లేదు.

ఈమధ్య మా టీంలో కొత్తగా చేరిన అమ్మాయి ఒక బగ్‌తో కుస్తీ పడింది. స్ట్రింగ్ కీ, ఇంటీజర్ విలువ ఉన్న మ్యాప్ మీద లూప్ తిప్పుతూ, ఒక్కో విలువ అడ్రస్‌ను వెక్టర్‌లో దాచుకుంటోంది. లూప్ లోపల డీబగ్గర్‌లో అన్నీ సరిగ్గానే కనిపిస్తున్నాయి, బయటికొచ్చాక చెత్త విలువలు. లూప్ వేరియబుల్‌ను స్ట్రింగ్, ఇంట్‌ల పెయిర్‌కి కాన్‌స్ట్ రెఫరెన్స్‌గా (అంటే మార్చడానికి వీల్లేని మారుపేరుగా) రాసింది కాబట్టి కాపీ జరగదనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. కంపైలర్ మన కోడ్‌ను ఎలా విప్పుకుందో చూపే సీ ప్లస్ ప్లస్ ఇన్‌సైట్స్ అనే సాధనంలో ఆ కోడ్‌ను పెట్టి చూశాం. మ్యాప్ దాచుకునే పెయిర్‌లో కీ ఉత్త స్ట్రింగ్ కాదు, కాన్‌స్ట్ స్ట్రింగ్. టైపులు కలవక, కంపైలర్ ప్రతి రౌండులోనూ కొత్త పెయిర్ ఒకటి తయారుచేసి రెఫరెన్స్‌ను దానికి కట్టేసింది. రౌండు అయిపోగానే ఆ పెయిరూ పోయింది, దాచుకున్న అడ్రస్ మాత్రం మిగిలింది. మనం రాయని ఆ మార్పిడి విప్పిన కోడ్‌లో కళ్లెదుటే ఉంది. కాన్‌స్ట్, రెఫరెన్స్ అలాగే ఉంచి, పెయిర్ టైపు బదులు ఆటో అని పెట్టగానే బగ్ పోయింది.

చాలామంది ఇలాంటప్పుడు కంపైలర్‌కి -E ఫ్లాగ్ (ప్రీప్రాసెసింగ్ దగ్గరే ఆపేయమని చెప్పేది) ఇచ్చి చూస్తారు. దాంతో మాక్రోలు, హెడర్లే విచ్చుకుంటాయి. టెంప్లేట్లు ఆ తర్వాతి దశవి, రాసినవి రాసినట్టే ఉంటాయి. ఇన్‌సైట్స్ చూపేది క్లాంగ్ అనే కంపైలర్ అర్థం చేసుకున్న తీరు. అది ఇచ్చిన కోడ్ ప్రతిసారీ మళ్లీ కంపైల్ కాదు, చదువుకోవడానికే. చివరికి ఏ మెషిన్ కోడ్ తయారైందో కావాలంటే, మ్యాట్ గాడ్‌బోల్ట్ 2012లో మొదలుపెట్టిన కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ అనే వెబ్‌సైట్ ఉంది.

ఇంటర్నెట్ లేకపోయినా పనికొచ్చే దారి ఒకటుంది. ఒక క్లాస్ టెంప్లేటును లోపల ఏమీ రాయకుండా డిక్లేర్ మాత్రం చేసి, అనుమానమున్న వేరియబుల్ డెకల్‌టైప్‌ను (అంటే దాని టైపును) దానికిచ్చి ఒక ఆబ్జెక్ట్ తయారుచేయబోతే చాలు. డెఫినిషన్ లేదంటూ వచ్చే ఎర్రర్‌లోనే కాన్‌స్ట్‌తో, రెఫరెన్స్‌తో సహా పూర్తి టైపు బయటపడుతుంది.

దయచేసి దీనికి ఒక పాఠం కేటాయించండి. చోటు చాలకపోతే ఈ చివరి చిట్కా ఒక్కటైనా కోడ్‌తో సహా వేయండి.

ఇట్లు,
ఒక సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామర్